సిరి ఒక్కసారి కొట్టింది

నాయినా,

నువ్వు చదవవని తెలుసు. అయినా ఇయ్యాల బడిల జరిగింది నీకే చెప్పాలె.

నీ మనవరాలికి అన్నీ తెలుసు, చెప్పాలనే ఉంటది, నోరే దాని మాట వినదు. అప్రాక్సియా అని ఖమ్మం డాక్టరు చెప్పిననాడు నువ్వూ పక్కనే ఉన్నవ్. ఇప్పుడు సిరి బొమ్మల కార్డులు మెడల ఏసుకొని, వాటి మీద వేలు పెట్టి మాట్లాడుతది.

బడి మేడం ఆ కార్డులు చూసి, "ఇవి ఇంట్లనే పెట్టండి. ఇవి ఉంటే ఇగ నోరెందుకు తెరుస్తది? అట్లయితేనే సీటు," అన్నది. ఇంతకుముందు అడిగిన బడి అసలే వద్దన్నది. నా కోపం నీకెరుకే గదా, అయినా మాటొచ్చిన నేను మాట్లాడలే. సీటు పోతదని సిరి మెడల కార్డులు తీయబోయిన.

సిరి బల్ల మీద ఒక్కసారి గట్టిగ కొట్టింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏందది?" అన్నది మేడం.

"ఆగమంటుంది మేడం. మా నాయిన బొగ్గుబాయిల పనిచేసిండు. బాయిల గంట ఒక్కసారి కొడితే ఆగాలె. పిల్లకు ఆయనే నేర్పిండు. రెండు కొడితే పోదామని."

మేడం సిరి దిక్కు తిరిగి, "నోరు తెరవకుండనే చెప్పినవ్ గదా," అన్నది. నాతోని, "కార్డులు ఉండనియ్యండి. సోమవారం పిల్లను తీసుకరండి," అన్నది.

పొద్దుగూకంగ సిరి నీ మంచం పట్టె మీద రెండు కొడితే నువ్వు బండి తీసేటోడివి. ఇయ్యాల దండేసిన నీ ఫోటో కింద సిరి గోడ మీద రెండు కొట్టింది. కాసేపు ఆగి, మళ్ల రెండు.

నేను పోయి పక్కన నిలబడి, గోడ మీద ఒక్కసారి కొట్టిన.