డైనింగ్ టేబుల్ మీద ఆరుతున్న పెళ్లి ఫొటో

ఆల్విన్,

అన్నం పెట్టుకుంటుంటే మా బొమ్మల క్లాసు సుభద్ర గారు ఫోన్ చేశారు. "యల్లా రేచెల్, పొద్దున నువ్వు ఫోన్‌లో పంపిన బొమ్మని ఎగ్జిబిషన్‌కి తీసుకున్నారమ్మా. రేపు పదింటికల్లా తెచ్చెయ్" అన్నారు. పళ్లెం అక్కడే వదిలేసి గంతులేశాను.

డ్యూటీ బస్సు వచ్చేస్తోంది. డైనింగ్ టేబుల్ మీద ఉన్న ఆ బొమ్మ ఇంకా ఆరలేదు. ఫ్యాన్ వేయొద్దు, తాకొద్దు, పక్కన టీ కప్పు పెట్టొద్దు. అది చర్చి మెట్ల మీద మా తమ్ముడు ఇన్‌స్టంట్ కెమెరాతో తీసిన ఫొటో. దానికి నెగటివ్ ఉండదు, పోతే మళ్లీ రాదు. మన కేక్ ఫొటో పొర ఇలాగే నీళ్ల గిన్నెలో తేలుతుంటే మొన్న మీగడ అనుకుని సింకులో పోసేశావు. పైగా "పాలు విరిగిపోయాయి, పారబోశా" అని గొప్పగా చెప్పావు.

ఈసారి నువ్వు పక్కనుండి చూడాల్సింది. వేడినీళ్లలో నానాక ఫొటో పైపొర అట్ట నుంచి మెల్లగా విడిపోయింది. కింద కాగితమే లేకుండా మనిద్దరం నీళ్లలో తేలాం. నేను ఊపిరి వదిలితే కదిలాం. కుంచెతో కొత్త కాగితం మీదికి జరుపుతుంటే నా ముసుగు నీ భుజం మీద నిజం గుడ్డలా ముడతపడింది. సర్దబోయి ఆగిపోయాను. రోజూ వార్డులో సూదులు గుచ్చే చేతులేనా ఇవి అనిపించింది.

పప్పు స్టవ్ మీద ఉంది, వేడి చేసుకో.

రేచెల్

రేపు నాకు ఆఫ్. తొమ్మిదింటికి మెట్రోలో వెళ్దాం. ఆ జనంలో నేను బొమ్మని పట్టుకుంటాను, నువ్వు నన్ను పట్టుకో.