రొద ఏదో తేల్చని మైకు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

వాక్కు నన్ను విడిచిపోయే వారమిది. సోమవారం శస్త్రచికిత్సలో నా స్వరపేటికను తొలగిస్తారు. ఆలోగా శిష్యులకు మిగిలిన పద్యాలను వీడియో కాల్‌లో చదివి వినిపించాలి. నీవు పంపిన చిన్న యూఎస్‌బీ మైకు రొదను వడగడుతుందన్నావు. నిన్న నేను దీర్ఘం తీయగానే, ఫ్యాను హోరనుకుని నా బొంగురు గొంతునే వడగట్టింది.

"మాస్టారూ, పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావట్లేదండీ" అని శిష్యురాలు కంగారుపడింది.

"అలవాటు చేసుకోమ్మా" అన్నాను. అదీ వినపడలేదు.

నాయనా, బతిమాలుతున్నాను. దగ్గూ, ఆయాసమూ, పద్యమూ అన్నింటినీ ఉన్నవున్నట్టు మోసుకెళ్లే మైకును, నా గుండెలపై ఆనేటంత చిన్నదాన్ని, రేపటికల్లా ఎంచి పంపు.

ఆ పద్యాలను నా తరువాత ఎత్తుకునే ప్రతి గొంతూ నిండు నూరేళ్లు మోగుగాక.