పక్కన పెట్టిన ముక్క

చెల్లీ,

నువ్వు చల్లగానే ఉండి ఉంటావు. నీ మాట పుణ్యమా అని ఇక్కడ నా బతుకు బజారున పడింది.

నరం వచ్చి కండరాన్ని తాకే చోట, కండరం పొర కింద ఒక ప్రోటీన్ ఉంటుందన్నావు. నరం పంపిన కబురు అందుకునేవాటిని అక్కడ చెదిరిపోకుండా పట్టి ఉంచేది అదేనట. నా తొడలోంచి తీసిన కండ ముక్కకి మీ ల్యాబులో రంగు వేసి, పోలికకి పక్కన నీ ముక్క పెట్టి చూశావు. రెండూ ఒకేలా మెరిశాయి. ఇంకేం, ఫోన్ స్పీకర్లో పెట్టించి మరీ తీర్పు చెప్పావు: "అక్కకి ఏ లోపమూ లేదు, అంతా మనసులోనే."

ఆ రోజు నుంచి మీ బావకి నేను 'మహారాణిగారు'. మధ్యాహ్నం దాటితే నా చేతులు భుజం పైకి లేవవు. మొన్న సెలూన్లో పనిచేస్తుంటే నా చేతిలో కత్తెర జారి ఒకావిడ చెవి తెగింది. ఓనరమ్మ "జబ్బు లేదన్నారుగా, మరి ఒళ్లు వంగక కాకపోతే ఏంటి?" అని పని మాన్పించింది. పరాయివాళ్లు అంటే పడి ఉండేదాన్ని. నువ్వన్నావు. ఇక నీకు ఉత్తరం రాయను.

మీ అక్క

చెల్లీ,

రాయకూడదనే అనుకున్నాను. నీ జవాబు చదివాక మనసాగలేదు.

"తోడబుట్టినవాళ్ల ముక్కతో పోలుస్తారా ఎవరైనా?" అని మీ పెద్ద సారు చీవాట్లు పెట్టి, బయటి మనిషి ముక్క పక్కన పెట్టించారన్నావు. అది నిండుగా మెరిసిందట. మనిద్దరిదీ మసకేనట. ఆ ప్రోటీన్ ఉండాల్సిన చోట నాకూ చాలదు, నీకూ చాలదు. మందు ఉందన్నావు, సంతోషం. మెట్ల మధ్యలో నీకూ కాళ్లు మొరాయిస్తున్నాయని, పని ఎక్కువై అనుకున్నావని రాశావు. నీకైతే పని ఎక్కువై, నాకైతే బద్ధకం.

అదైనా మింగేదాన్ని. "ఇది మన మధ్యే ఉండనీ, ఇంట్లో చెప్పకు" అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. నా పరువు స్పీకర్లో, నీ జబ్బు గుట్టుగానా? నిన్న భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పేశాను. ఇద్దరిదీ ఒకటే జబ్బని కూడా చెప్పాను.

నువ్వు భయపడ్డట్టు ఎవరూ నవ్వలేదులే. మీ బావ తింటున్న చెయ్యి ఆపి, "అయ్యో పాపం! అంత కష్టపడే పిల్లకి ఇదేం ఖర్మ!" అన్నారు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. తర్వాత నావైపు తిరిగి, "మంచినీళ్లు" అన్నారు.

చెంబు రెండు చేతులతో ఎత్తి తెచ్చాను.

అక్క