మీ అమ్మ పాటల కాపీ

మేనకోడలు తివోంగెకు,

ప్రభువు నీ గుమ్మానికి కావలి ఉండుగాక. గురువారం సాతాను మన ప్రార్థనాలయం కంప్యూటర్ మీద పడ్డాడు. డిస్కు టకటకమని కొట్టుకుని చచ్చిపోయింది. పదకొండేళ్లు మ్జింబా జిల్లా ఊళ్లన్నీ తిరిగి నేను రికార్డు చేసిన పాటలు అందులోనే ఉన్నాయి. కన్నుమూసిన మీ అమ్మ పాడినవన్నీ ఉన్నాయి. అయినా ఈ ఉత్తరం సంతోషంతోనే రాస్తున్నాను.

ఆమధ్య, నాకు నేనే నేర్చుకున్న విద్య కదా, మొత్తం డిస్కుకు తీసిన ఇమేజ్‌ను, అంటే ఉన్నదున్నట్టు దింపిన నకలును, మొదట అదే డిస్కులో, డి డ్రైవులో దాచాను. అది విని నువ్వు ఫోనులో నవ్విన నవ్వు!

"మామయ్యా, ఇంటికి నిప్పంటుకుంటే ముందుగది బట్టలు వెనకగదిలో దాస్తే మిగులుతాయా? బయటి డిస్కు కొను. కాపీ తీశాక తెరిచి చూడు."

చూడక నమ్మినవారు ధన్యులని నీమీద గర్జించాను.

"అది ప్రభువు సంగతి మామయ్యా. ఈ డబ్బా దగ్గర నువ్వు, గాయాలు తాకి చూస్తేగానీ నమ్మనన్న తోమాలాగే ఉండు" అన్నావు.

వెళ్లి బయటి డిస్కు కొన్నాను. దాని మీదికి కాపీ తీసి, తెరిచి చూసుకున్నాను.

నిన్న కంప్యూటర్లో కొత్త డిస్కు వేసి, బయటి డిస్కులో ఉన్న ఆ ఇమేజ్‌ను అందులోకి దించాను. ఒక్క పాట కూడా పోలేదు. ఇంకో కాపీ తీసి, మీ ఊరు లిలోంగ్వేకి బస్సెక్కుతున్న సంఘపెద్ద గోండ్వే చేతికిచ్చాను. అది నీ ఇంట్లో ఉంచు. అన్నీ ఒకే కప్పు కింద ఉండకూడదు.

పద్నాలుగో పాట పెట్టుకో. మధ్యలో మీ అమ్మ ఆపి నన్ను తిడుతుంది: "తమ్ముడూ, ఆ మైకు ఇంకాస్త దగ్గరికి తేరా, రేపు నా కూతురికి వినపడొద్దూ!"

నీ మేనమామ