పిల్ల బస్సు వేళ అడిగింది

సూర్యలంక, 18–3–91, సోమవారం

అప్పారావుకు నాన్న దీవించి రాసేది. నువ్వు పదో తరగతి తప్పిన ఏడు నాకు మొహం చూపించకుండా మూడు రోజులు వాడరేవులో మీ అత్త ఇంట్లో దాక్కున్నావు. సముద్రంలో పడ్డావేమోనని నేను ఒడ్డంతా వెతికాను. ఆ కోపం నాకింకా పోలేదు.

శనివారం నీ కార్డు వచ్చింది. పదో తరగతి లెక్కల్లో ఎన్ని మార్కులు వస్తాయని మళ్ళీ అడిగావు. అప్పట్నించి ఇక్కడ నా దగ్గర నీ కూతురు సుబ్బులికి అన్నం దిగలేదు. ఈ పొద్దున నేను వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని, "తాతా, వాడరేవు బస్సు ఎన్నింటికి?" అంది. ఎందుకే అంటే, ఊరికే అంది. నా చేతిలో దారం ఆగిపోయింది.

"తప్పితే తిన్నగా ఇంటికి రా. మీ నాన్నా తప్పినోడేలే" అన్నాను. నువ్వు దానికి చెప్పలేదంటగా. కాసేపు ఏడ్చి, తర్వాత నవ్వి, చేపల పులుసుతో అన్నం తింది.

వల నీళ్ళలో ఉండగా ఎన్ని పడతాయని పడవలో ఎవరూ అడగరు. నువ్వూ అడగమాక.

కోడలు కోటేశ్వరి నడుం నొప్పి తగ్గిందా? నా కళ్ళజోడు అతికించి పంపు. అందాకా నా రాత ఇట్టాగే ఉంటుంది.

వచ్చే సోమవారం లెక్కల పరీక్ష. శనివారం లోపల సుబ్బులు పేరున కార్డు రావాలి. అందులో మార్కుల మాట వద్దు. వాడరేవులో దాక్కున్న సంగతి నీ చేత్తో రాయి. అప్పుడు ఇంటికి వస్తే నేను కొట్టేవాణ్ణో లేదో, అది కూడా రాయి. అక్కడి పిల్లలకి నా దీవెనలు. శనివారం పోస్టుమేను ఉత్త చేతులతో వస్తే నేనే తెనాలి మీ ఇంటికి వస్తా.

సింగరయ్య