చెరువు కింద పొలం లేనివాళ్లం

ఏమయ్యా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఎండాకాలం ఇది. చెరువు కాలువలో పూడిక తీయడానికి నీ పార పట్టుకుని ఇవాళ నేను వెళ్లాను.

చెరువు కింద పొలమున్న ఇంటికొకరు రావాలని మన ఊరి చెరువు సంఘం కట్టుబాటు. మనకు గుంటెడు భూమి లేకున్నా నువ్వు ఏటా వెళ్లేవాడివి. "మనకేమొస్తదని పోతవ్?" అని కొట్లాడితే జవాబు చెప్పేవాడివి కాదు.

మధ్యాహ్నం గట్టు మీద రొట్టెలు పంచుకుంటుంటే నీ దోస్తు ఖాసిం అన్నాడు: "అన్న ఉంటే ఈ యాల్లకు నవ్వించి సంపుతుండె వదినా."

ఇంట్లో నోరు విప్పని నువ్వు, అక్కడ నా కొట్లాటనే చేసి చూపేవాడివట. ఖాసిం నీలాగే నడుం మీద చేయి పెట్టి, "మనకేమొస్తదని పోతవ్?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

రేపూ వెళ్తాను. నీ మాటలు ఇంకా వాళ్ల దగ్గర ఉన్నాయి.