లోనా

సోనారి,
ఫిబ్రవరి 1962

ప్రియమైన పద్మకు,
ఇక్కడ క్షేమం. ఆదివారం మా కంపెనీ మైదానంలో మన తెలుగువాళ్ళూ బిహారీ కుర్రాళ్ళూ కలిసి చెడుగుడు ఆడారు. నన్నూ లాగారు. మొదటి కూతకే చచ్చాను. మీ అమ్మగారికి ఎలా ఉంది? ఆవిడకు నయం కాగానే వచ్చెయ్యి.
నీ సూర్యం

నౌపడ,
ఫిబ్రవరి

శ్రీవారికి నమస్కారాలు.
కార్డు మీద ‘చచ్చాను’ అని రాస్తారా ఎవరైనా! పోస్టు బలరామ్ వీధిలోనే పైకి చదివాడు. "నా కూతురు బతుకేటైపోనాదిరా దేవుడో!" అని అమ్మ గుండెలు బాదుకుంది. "సచ్చినోలు ఉత్తరం రాత్తారేటే అమ్మా?" అని నేను కసిరేదాకా ఆ ఏడుపు ఆగలేదు. ఇకమీదట కవరు వాడండి. రాక సంగతి తర్వాత రాస్తాను.
పద్మ

సోనారి,
మార్చి

ప్రియమైన పద్మా,
తప్పు నాదే. ఆటలో చావేమిటని కంపెనీలో మా మెషిన్ షాపులో పనిచేసే ముసలి అసిరయ్యను అడిగాను. "కూత ఆగితే ఊపిరాగినట్టే గదేటి," అన్నాడు. బిహారీలు కూడా ‘మర్ గయా’ అనే అంటారు. చచ్చినవాడు గీత బయట కూర్చోవాలి. మనవాడెవడైనా కూతకెళ్ళి అవతలివాణ్ణి కొట్టొస్తే బతుకుతాడు. ఆ రోజు నన్నెవరూ బతికించలేదు. క్వార్టరుకొస్తే ఇక్కడా అంతే. నువ్వు లేని ఇంట్లో ఉండలేకపోతున్నాను. వచ్చి బతికించు.
నీ సూర్యం

నౌపడ,
ఏప్రిల్

శ్రీవారికి,
అమ్మకు ఎప్పుడో నయమైంది. నేనే రాలేదు. మీరు షిఫ్టు నుంచి వచ్చి, తిని, అటు తిరిగి పడుకునేవారు. పక్కింటావిడ హిందీ నాకు రాదు, నా తెలుగు ఆవిడకు రాదు. కూరలో ఉప్పు ఎక్కువైన రోజే మీరు నాతో మాట్లాడేవారు. కావాలని ఎక్కువ వేసిన రోజులూ ఉన్నాయి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నేనూ గీత బయటే కూర్చున్నాను, మీరు చూడలేదు. ఇద్దరం బయటే ఉంటే కూతకెళ్ళేదెవరండీ?
పద్మ

సోనారి,
జూన్

పద్మా,
ఇన్నాళ్ళూ నీ ఉత్తరం జేబులోనే ఉంది. ఆ ఉప్పు సంగతి చదివినప్పుడల్లా సిగ్గేస్తోంది.
నిన్న మైదానంలో ఒక జట్టు మొత్తం చచ్చింది. కుర్రాళ్ళు ‘లోనా, లోనా’ అని అరిచారు. ఓడినవాళ్ళు అవతలి జట్టుకు పాయింట్లు ఒప్పజెప్పి, అందరూ ఒక్కసారే లేచి మళ్ళీ గీత లోపలికొచ్చారు. అదేం మాటని అసిరయ్యను అడిగితే, "లోన అంటే లోనకి రమ్మనడమే గదరా బాబూ, ఆమాత్రం తెల్దేటి?" అని నవ్వాడు. అది ఏ భాష మాటో నాకు తెలియదు. ఆయన చెప్పిందే నమ్ముతాను.
ఓడానని ఒప్పుకుంటున్నాను. సెలవు దొరికింది. ఖరగ్‌పూర్‌లో బండి మారి శనివారం దిగుతాను. బతికే వస్తున్నానని అత్తగారికి ముందే చెప్పు. నిన్ను లాక్కుపోవడానికి రావడం లేదు.
నువ్వు ‘లోనకి రండి’ అనేదాకా గుమ్మం బయటే ఉంటాను.
సూర్యం